బీటిల్ ఛాసిస్‌పై స్పీడ్‌స్టర్ నకలు: కిట్ బాడీ బాగుంది, సూచనల పుస్తకమే చాలలేదు

పోర్షే 356 స్పీడ్‌స్టర్ అనే పాతకాలపు ఓపెన్ స్పోర్ట్స్ కారు నకలును సొంతంగా తయారు చేసుకునేందుకు నేను కొన్న కిట్‌తో దాదాపు రెండేళ్లు కుస్తీ పట్టిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. కిట్‌లో ఫైబర్‌గ్లాస్ బాడీ, తలుపులు, ముందు వెనుక మూతలు, బాడీ అడుగున బిగించే ఇనుప చట్రం వస్తాయి. ఇంజను, గేర్‌బాక్సు, సస్పెన్షన్, బ్రేకులు మాత్రం పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ నుంచి తెచ్చుకోవాలి. 1948లో తయారైన మొదటి 356 కూడా బీటిల్ భాగాల మీదే ఆధారపడింది కాబట్టి ఈ జోడీని మరీ చిన్నచూపు చూడనవసరం లేదు.

బాడీ పనితనానికి వంక పెట్టలేను. ట్యూబ్‌లైటు కింద పక్కనుంచి చూస్తే వెలుగు గీత ముందు మడ్‌గార్డ్ మీదుగా తలుపు వరకు ఎక్కడా వంకర పోకుండా సాగింది. ఎడమ తలుపు సందు పైన 4 మిల్లీమీటర్లు, కింద 7 మిల్లీమీటర్లు వచ్చింది గాని, కింది కీలు వెనుక ఒక వాషరు వేసేసరికి అదీ సర్దుకుంది.

అసలు కష్టం ఛాసిస్ దగ్గర మొదలైంది. బీటిల్ ముందు వెనుక ఇరుసుల మధ్య దూరం 2400 మిల్లీమీటర్లు కాగా 356కు అది 2100 మాత్రమే కాబట్టి, ఫ్లోర్‌పాన్‌ను, అంటే కారు అడుగు రేకును, అడ్డంగా కోసి, సుమారు 300 మిల్లీమీటర్ల ముక్క తీసేసి, మిగిలిన రెండు భాగాలను మళ్లీ వెల్డింగ్ చేయాలి. ఇంత పనికి సూచనల పుస్తకంలో దక్కిన చోటు ఒక్క పేజీ. కోయడానికి ముందే రెండు భాగాలనూ యాంగిల్ ఇనుముతో కట్టేయాలనీ, పూర్తి వెల్డింగ్‌కు ముందు అక్కడక్కడా చుక్కల్లా వెల్డింగ్ పెట్టి మూలల మధ్య ఐమూలగా కొలవాలనీ అందులో ఉంది. గేర్ రాడ్‌ను కూడా అంతే పొడవు తగ్గించాలని కూడా చెప్పారు. కానీ ఫ్లోర్‌పాన్ నడుమ పొడవునా గొట్టంలా ఉండే టన్నెల్ లోపల క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్, పెట్రోలు వెళ్లే సన్నని గొట్టాలు ఉంటాయనీ, అవి కూడా ఎదురెదురుగా కలవాలనీ ఎక్కడా లేదు. నేను టన్నెల్ మూసేసిన తరువాత క్లచ్ కేబుల్ దూర్చబోతే అది సగం దూరంలో తన్నుకుని ఆగిపోయింది, అంతకుముందు రెండు రోజులు పట్టిన వెల్డింగ్‌ను గ్రైండర్‌తో విప్పవలసి వచ్చింది.

కాబట్టి ఈ కిట్ కొనేవారు బాడీ కన్నా ముందు పాత కారును పరీక్షించుకోవాలి. బీటిల్‌లో బ్యాటరీ వెనుక సీటు కింద కుడివైపున ఉంటుంది, దాని ఆసిడ్ వల్ల ఆ మూల తుప్పు పట్టడం సర్వసాధారణం. స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచినప్పుడు రేకు లోపలికి దిగితే, అమ్మేవారు ఎంత తీయగా మాట్లాడినా ఆ బేరం వదులుకోవడమే మంచిది.

బరువు సంగతీ పుస్తకం దాటేసింది. ఫైబర్‌గ్లాస్ బాడీ తేలిక కావడంతో వెనుక భాగం పైకి లేచి నిలబడింది. నాది పాత స్వింగ్ యాక్సిల్ రకం, అంటే ఇరుసు పైకీ కిందికీ ఊగినప్పుడు చక్రం కూడా దానితో పాటు వాలే రకం, కావడంతో చక్రాల అడుగు అంచులు లోపలికి ముడుచుకున్నట్లు కనిపించాయి, ఆ స్థితిలో మలుపు తిరగడం ప్రమాదకరం. వెనుక టార్షన్ బార్‌కు, అంటే మెలి తిరుగుతూ స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీకి, లోపలి చివర 40 పళ్లు, బయటి చివర 44 పళ్లు ఉంటాయి. లోపల ఒక పన్ను ఒకవైపుకు, బయట ఒక పన్ను ఎదురువైపుకు జరిపితే మిగిలే తేడా ఒక డిగ్రీ కన్నా తక్కువే కాబట్టి, ఓపిక ఉంటే ఎత్తును చాలా సున్నితంగా సరిచేసుకోవచ్చు. నాకు నాలుగోసారికి కుదిరింది.

వైరింగ్‌లో ఇంకో తిరకాసు ఉంది. ఇనుప బాడీలో బాడీయే ఎర్త్‌గా, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారిగా, పనిచేస్తుంది గాని ఫైబర్‌గ్లాస్ గుండా కరెంటు పారదు. ప్రతి దీపానికీ ఛాసిస్ వరకు విడిగా ఎర్త్ వైరు లాగకపోతే, నాకు జరిగినట్లే, ఎడమ ఇండికేటర్ వేసినప్పుడు బ్రేకు లైటు కూడా దానితో పాటు మిణుకుమంటుంది. ఇంజను గదిలో రేకుల చుట్టూ ఉండవలసిన రబ్బరు పట్టీ కూడా కిట్‌లో లేదు. గాలితో చల్లబడే ఆ ఇంజను, సందులోంచి పైకి వచ్చిన వేడిగాలినే మళ్లీ పీల్చుకుంటే త్వరగా కాగిపోతుంది, అందుకని పట్టీని విడిగా కొని అతికించుకున్నాను.

బాడీకి ఐదుకు నాలుగున్నర, సూచనల పుస్తకానికి ఒకటి ఇస్తాను. టన్నెల్ గొట్టాల విషయం ఆ పేజీలో చేర్చమని కిట్ తయారీదారులకు కొలతలతో సహా వివరంగా రాస్తే, మూడు వారాలకు జవాబుగా పెయింటు రంగుల పట్టిక పంపారు.