మాడ్‌ఫ్లో, ఫ్లోపై, జెమ్‌పై: నల్గొండ గ్రానైట్ మీద కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

భూగర్భజలాల మోడలింగ్ (నేల కింది నీళ్ల కదలికను కంప్యూటర్‌లో లెక్కగట్టడం) నేర్చుకోవాలంటే ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొనాలా అని జియాలజీ, సివిల్ చదివే పిల్లలు తరచూ అడుగుతుంటారు. అక్కర్లేదు. నల్గొండ, దేవరకొండ చుట్టుపక్కల వాటర్‌షెడ్ల (వాన నీళ్లన్నీ ఒకే వాగులోకి చేరే ప్రాంతాల) మీద పని చేస్తూ నేను కొన్నేళ్లుగా వాడుతున్నవన్నీ ఉచితంగా దొరికేవే: మాడ్‌ఫ్లో, ఫ్లోపై, మోడల్‌మ్యూజ్, మ్యాపులు వేసే క్యూజీఐఎస్, ఈ మధ్య కొంత జెమ్‌పై. 8 జీబీ ర్యామ్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్ చాలు. కష్టమంతా మన నేల గురించి మనకు ఎంత తెలుసన్న దగ్గరే వస్తుంది, ఆ కష్టాన్ని ఎంత డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేరూ తీర్చదు.

అసలు ఇంజిన్ మాడ్‌ఫ్లో. అమెరికా ప్రభుత్వ సంస్థ యూఎస్‌జీఎస్ 1984లో తెచ్చింది, ఇప్పుడు వాడుతున్న మాడ్‌ఫ్లో 6 వచ్చింది 2017లో. నేలను గళ్లు గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిలోకి ఎన్ని నీళ్లు వచ్చాయి, ఎన్ని పోయాయి, నీటిమట్టం ఎక్కడుంది అన్నది డార్సీ సూత్రంతో (నేలలో నీళ్లు ఎంత వేగంగా కదులుతాయో చెప్పే సూత్రం) లెక్కగడుతుంది. దానికి బటన్లు, మెనూలు ఏమీ ఉండవు. ఫైళ్లు ఇస్తే ఫైళ్లు ఇస్తుంది, అంతే. ఆ ఫైళ్లు తయారుచేయడానికే మిగతావి కావాలి.

కొత్తవాళ్లు మోడల్‌మ్యూజ్‌తో మొదలుపెట్టండి. అదీ యూఎస్‌జీఎస్‌దే, విండోస్‌లో నడుస్తుంది. పైనుంచి, ముందునుంచి, పక్కనుంచి మూడు వైపులా మోడల్ కనబడుతుంది, చెరువు గీత గీసి ఇది చెరువు అని చెప్పొచ్చు, తర్వాత గళ్ల సైజు మార్చినా గీసినవి చెక్కుచెదరవు. చూడ్డానికి పాత కాలం ప్రోగ్రామ్‌లా ఉంటుంది కానీ లోపల ఏం జరుగుతోందో కళ్లతో చూసి అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా మంచిది నాకు దొరకలేదు. ఒక మోడల్ పూర్తిగా నడిపాక మాత్రం ఫ్లోపైకి మారిపోండి. అది పైథాన్ లైబ్రరీ. ఇన్‌స్టాల్ చేశాక గెట్-మాడ్‌ఫ్లో అనే ఒక్క కమాండ్ ఇస్తే మాడ్‌ఫ్లో కూడా దానంతట అదే దిగుతుంది. ఏ నెంబరు ఎక్కడ పెట్టామో స్క్రిప్టులో కనబడుతుంది, ఆరు నెలల తర్వాత తెరిచినా మళ్లీ అర్థమవుతుంది, యాసంగి వరి సగానికి తగ్గిస్తే ఎలా ఉంటుందో చూడాలంటే ఒక లైను మారిస్తే సరిపోతుంది. పైథాన్ రాదని భయపడేవాళ్లకు చెబుతున్నా, దీనికి కావలసిన పైథాన్ కొంచెమే.

ఇక అసలు విషయానికి వస్తా. ఈ టూల్స్‌తో వచ్చే ఉదాహరణలు ఎక్కువగా ఇసుక, గులకరాళ్ల పొరల మీద ఉంటాయి. వాటిలో స్పెసిఫిక్ ఈల్డ్ 0.1, 0.2 అని కనబడుతుంది, అంటే నేల ఘనపరిమాణంలో 10, 20 శాతం నీళ్లుగా బయటికి వస్తుందని. మన దగ్గర గ్రానైట్. హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్లు ఫ్రెంచ్ శాస్త్రవేత్తలతో కలిసి మన పక్కనే ఉన్న మహేశ్వరం వాటర్‌షెడ్‌లో, 53 చదరపు కిలోమీటర్ల మీద చేసిన అధ్యయనంలో తేలిన స్పెసిఫిక్ ఈల్డ్ సుమారు 1.4 శాతం. ఈ ఒక్క అంకె ఏం చెబుతుందో చూడండి. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. ఆ ఎకరం కింద నీటిమట్టం ఒక మీటరు పడిపోతే వచ్చే నీళ్లు దాదాపు 57 వేల లీటర్లు. సెకనుకు రెండు లీటర్లు పోసే బోరు ఎనిమిది గంటలు నడిస్తే తోడేది 57,600 లీటర్లు. అంటే ఆ ఎకరం కింది మీటరు నీళ్లు ఒక్క రోజులో అయిపోయినట్టే! చుట్టుపక్కల నుంచి నీళ్లు వచ్చి చేరుతాయి, వరి మడికి పెట్టిన నీళ్లలో కొంత తిరిగి కిందికి ఇంకుతుంది, అందుకే బోరు నిజంగా ఒక్క రోజులో ఎండిపోదు. కానీ మన రైతు ఫిబ్రవరి నుంచే ఎందుకు టెన్షన్ పడతాడో ఈ లెక్కలోనే ఉంది. ఉదాహరణలోని 0.2 అలాగే ఉంచేస్తే మోడల్‌లో నేల 14 రెట్లు ఎక్కువ నీళ్లు దాచుకుంటుంది, ఎండాకాలంలో నీటిమట్టం అసలు కదలదు, చూసేవాళ్లకు అంతా బాగున్నట్టే ఉంటుంది. నేర్చుకునేవాళ్లు మొట్టమొదట మార్చాల్సిన అంకె ఇదే అని నేను గట్టిగా చెబుతాను.

బోర్ల విషయంలో ఇంకోటి. మాడ్‌ఫ్లోలో బోరు, నది, చెరువు ఒక్కోదానికి ఒక్కో ప్యాకేజీ, అంటే విడి భాగం, ఉంటుంది. మామూలుగా బోర్ల కోసం ఉన్న వెల్ ప్యాకేజీలో రోజుకు ఎన్ని ఘనపు మీటర్లు తోడుతున్నామో మైనస్ గుర్తుతో ఇస్తాం. గడిలో నీళ్లు అడుగంటాక మోడల్ ఏం చేయాలి? మాడ్‌ఫ్లో 6లో ఆటో ఫ్లో రెడ్యూస్ అనే ఆప్షన్ ఉంది, నీటిమట్టం అడుగుకు దగ్గరపడే కొద్దీ తోడకాన్ని మెల్లగా తగ్గించుకుంటూ సున్నాకు తెస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో మన బోర్లు ఆగి ఆగి పోసేది అచ్చం ఇట్లాగే కదా. దీన్ని న్యూటన్ ఆప్షన్‌తో కలిపి వాడండి, ఎండిన గళ్ల దగ్గర మోడల్ ఆగిపోవడం చాలావరకు తగ్గుతుంది. తర్వాత అవుట్‌పుట్‌లో ఇచ్చిన పంపింగ్ ఎంత, నిజంగా తోడగలిగింది ఎంత అని పోల్చి చూస్తే ఏ ఊరి దిక్కు ముందు ఎండుతుందో తెలుస్తుంది. నా వరకు మొత్తం మాడ్‌ఫ్లోలో అన్నిటికన్నా పనికొచ్చిన సౌకర్యం ఇది.

చెరువుల దగ్గర జాగ్రత్త. చాలామంది రివర్ ప్యాకేజీతో చెరువు పెడతారు, సులువని. కానీ దానికి చెరువులో నీళ్లు అయిపోతాయన్న సంగతి తెలియదు, మనం ఇచ్చిన మట్టం దగ్గర ఎప్పుడూ నీళ్లున్నట్టే కిందికి వదులుతూ ఉంటుంది. మిషన్ కాకతీయలో పూడిక తీసిన చెరువు వల్ల బోర్లకు ఎంత మేలు జరిగిందో చూడాలనుకునేవాళ్లు లేక్ ప్యాకేజీ నేర్చుకోవాల్సిందే, లేదంటే నెల నెలా చెరువు మట్టం మార్చి, ఎండిన నెలల్లో దాన్ని తీసేయాలి.

ఇప్పుడు రాయి సంగతి. మర్రిగూడ దిక్కు ఒక బత్తాయి తోటలో నీటిమట్టాలు కొలుస్తుంటే పక్క పక్కనే ఉన్న రెండు బోర్లకు మట్టం పొంతన లేదు. మోడల్ ఎంత సర్దినా ఆ తేడా రాదు. తోట పెద్దాయన వచ్చి చూసి, "నడుమ నల్లరాయి పోయింది బిడ్డా, అవతలి నీళ్లు ఇవతలికి రావు, మా నాయిన కాలం నుంచి తెలుసు" అన్నాడు. డోలరైట్ డైక్! గ్రానైట్‌ను చీల్చుకుని గోడలా నిలబడే నల్లరాయి. పెద్దాయన చేత్తో చూపించిన దిక్కునే జీపీఎస్ పట్టుకుని నడిచి గీత గీసుకున్నాను, హెచ్‌ఎఫ్‌బీ ప్యాకేజీలో దాన్ని అడ్డుగోడగా పెడితే రెండు వైపులా మట్టాలు కొలిచినవాటికి దగ్గరగా వచ్చాయి. అన్ని డైకులూ ఇట్లా ఆపవు, అంచులు పగిలి ఉంటే అక్కడే నీళ్లు బాగా పడతాయి, కాబట్టి మ్యాపులో కనబడిన ప్రతి డైకునూ గోడ అనుకోవద్దు.

డేటా లేదు అని చేతులెత్తేసేవాళ్లకు ఒక మాట. బోరు వేసిన బిల్లు అడగండి. రిగ్గువాళ్లు కేసింగ్‌కు ఫీట్ల లెక్కన డబ్బులు తీసుకుంటారు, గట్టి రాయి తగిలేదాకా కేసింగ్ దింపుతారు. అంటే ఆ బిల్లు మీద ఉన్న ఫీట్లే దాదాపుగా మొరం, సుద్ద పొర మందం. ఊళ్లో ఓ పాతిక బిల్లులు పోగుచేస్తే క్యూజీఐఎస్‌లో మెత్తటి రాయి అడుగు ఎక్కడుందో మ్యాపు వేయొచ్చు, అదే మోడల్‌లో మొదటి పొర. దాని కింద పగుళ్ల పొర, అందులోనూ నీళ్లిచ్చే పగుళ్లు ఎక్కువగా పైభాగంలోనే ఉంటాయి, లోతుకు పోయేకొద్దీ తగ్గిపోతాయి. క్యూజీఐఎస్ గురించి ప్రత్యేకంగా పొగడాల్సిన పని లేదు, బాగుంది. పాలమూరు వాళ్లు మాత్రం ఒకటి చూసుకోవాలి. 78 డిగ్రీల రేఖాంశం మహబూబ్‌నగర్ పట్టణం పక్క నుంచే పోతుంది, మ్యాపుల్లో మీటర్ల లెక్కన చోటు చెప్పే యూటీఎం పద్ధతిలో దానికి పడమర జోన్ 43, తూర్పున 44. నారాయణపేట డేటా ఒక జోన్‌లో, కల్వకుర్తి డేటా ఇంకో జోన్‌లో ఉంటే బోర్లు ఎక్కడెక్కడో పడతాయి. అంతా 44లో పెట్టుకుంటే గొడవ ఉండదు.

జెమ్‌పై జర్మనీలోని ఆహెన్ యూనివర్సిటీ నుంచి వచ్చిన పైథాన్ టూల్. పొరల అంచులు, వాలు ఇస్తే త్రీడీలో భూగర్భాన్ని గీస్తుంది. దక్షిణాన వాడపల్లి దిక్కు సున్నపురాయి పొరలు గ్రానైట్ మీద కూర్చున్న చోట దీని విలువ తెలుస్తుంది. ఉత్త గ్రానైట్ ఉన్న ఊళ్లకు దీని అవసరం తక్కువ, కేసింగ్ మ్యాపు చాలు. వెర్షన్లు మారినప్పుడు పాత స్క్రిప్టులు పనిచేయకపోవడం విసుగు తెప్పిస్తుంది.

ఫ్లోరైడ్ మీద పని చేద్దామని వచ్చేవాళ్లు మన జిల్లాలో ఎక్కువ, ఆ బాధ తెలిసినవాళ్లం కాబట్టి. మాడ్‌ఫ్లో 6లో కాలుష్యం ఎటు పోతుందో చూపే జీడబ్ల్యూటీ ఉంది కానీ దానితో మొదలుపెట్టవద్దు. మన ఫ్లోరైడ్ ఎవరో పారబోసింది కాదు, రాయిలోంచే నీళ్లలోకి దిగుతుంది. కాల్షియం తక్కువై, బైకార్బొనేట్ ఎక్కువైన చోట ఇంకా దిగుతుంది. దాన్ని అర్థం చేసుకోవడానికి యూఎస్‌జీఎస్‌దే ఫ్రీక్-సీ (PHREEQC) అనే, నీళ్ల రసాయన లెక్కలు చేసే ఉచిత ప్రోగ్రామ్ ముందు నేర్చుకోండి.

పెస్ట్ ప్లస్ ప్లస్ అనే ఇంకో ప్రోగ్రామ్ గురించి క్లుప్తంగా: కొలిచిన మట్టాలకు మోడల్ దగ్గరపడేలా అంకెలు తనే మార్చి చూస్తుంది, పైగా మన జవాబులో ఎంత అనిశ్చితి ఉందో కూడా చెబుతుంది. మోడల్‌ను వందల సార్లు నడపాలి కాబట్టి రాత్రంతా ల్యాప్‌టాప్ ఆన్‌లో ఉంచాల్సి రావొచ్చు. చేత్తో అంకెలు మార్చి నేల తీరు తెలుసుకోకముందే దీన్ని ముట్టుకోవద్దన్నది నా సలహా. అలాగే మాడ్‌ఫ్లో ఇచ్చే నీటి బడ్జెట్ (వచ్చిన, పోయిన నీళ్ల లెక్క) చివర పర్సెంట్ డిస్క్రెపెన్సీ, అంటే ఆ రెండిటి తేడా శాతం, సున్నా వచ్చిందని సంబరపడవద్దు, లెక్క సరిపోయిందని మాత్రమే దాని అర్థం, తప్పు రీఛార్జ్ (నేలలోకి ఇంకే నీళ్ల అంకె) ఇచ్చినా అది సున్నానే చూపిస్తుంది.

ఒక పెద్ద లోటు, వీటిమీద తెలుగులో ఏదైనా చదువుదామంటే నాకు కనబడలేదు. డిగ్రీ పిల్లల కోసం ఒక చిన్న వాటర్‌షెడ్ ఉదాహరణను తెలుగు వివరణతో ఫ్లోపైలో రాస్తున్నాను. మర్రిగూడ, నాంపల్లి, చండూరు మండలాల్లో మీవి గానీ మీ చుట్టాలవి గానీ బోర్లు ఉంటే, కేసింగ్ ఎన్ని ఫీట్లు పడిందో, నీళ్లు ఏ లోతులో పడ్డాయో, ఎండిన బోరైతే ఏ ఏడాది ఎండిందో రాసి పెట్టండి, ఊరి పేరు చాలు, రైతు పేరు అక్కర్లేదు.