నాలుగింటి దాకా నిద్ర ఆపిన నవలలు

మైపాడు వైపు, సముద్రానికి దగ్గరలో మాకు రెండు రొయ్యల గుంటలు ఉన్నాయి. వనామి పంట. పగలు మా తమ్ముడు చూసుకుంటాడు, రాత్రి కాపలా నాది. చివరి మేత వేశాక తెల్లారేదాకా నాకు ఉండే పని ఒకటే, ఏరియేటర్లు, అంటే నీటిలో గాలి కలిపే యంత్రాలు, ఆగకుండా చూసుకోవడం. పగలంతా నీటిలోని పాచి ఆక్సిజన్ ఇస్తుంది. చీకటి పడ్డాక అదే పాచి ఆ ఆక్సిజన్‌ను తిరిగి తాగేస్తుంది. తెల్లవారుజామున నాలుగు, అయిదు గంటలకు గుంట అడుగున దాదాపు ఏమీ మిగలదు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయి, జనరేటరు అందుకోకపోతే, మూడు నెలల పెట్టుబడి నీళ్ళపాలవుతుంది.

కాబట్టి నిద్రపోకూడదు. ఫోనులో వీడియోలు చూస్తే పది నిమిషాలకే కళ్ళు మూతపడతాయి. పుస్తకం అయితే, అందులోనూ హత్యో దయ్యమో ఉన్న పుస్తకం అయితే, మూతపడవు. గడిచిన రెండు పంటల కాలంలో అలా చదివిన నవలల గురించే ఈ మాటలు. నా కొలత చాలా మొరటుది. నాలుగింటికి పుస్తకం నా చేతిలో ఉందా, నులక మంచం మీద బోర్లా పడి ఉందా?

షెడ్డులో నాకు తోడుగా ఒక పెద్దాయన ఉంటారు. చదువు రాదు. రెండింటికి టీ కాచి ఇస్తూ, "కథ ఎంతదాకా వచ్చింది అబ్బయ్యా?" అని అడుగుతారు. చెప్పక తప్పదు. ఆయన తీర్పులు నా తీర్పుల కన్నా నిర్దయగా ఉంటాయి.

ముందుగా ఈ మధ్య రైల్లో ఎక్కినా, బస్సులో ఎక్కినా ఎవరో ఒకరి చేతిలో కనిపిస్తున్న నవల. ఫ్రీడా మెక్‌ఫాడెన్ 2022లో రాసిన 'ది హౌస్‌మెయిడ్'. ఆమె వృత్తిరీత్యా వైద్యురాలు, మెదడుకు దెబ్బ తగిలినవారికి చికిత్స చేస్తారు. జైలు నుంచి బయటికి వచ్చి, తలదాచుకోవడానికి కారు తప్ప మరేమీ లేని మిల్లీ అనే అమ్మాయికి ఒక సంపన్నుల ఇంట్లో పని దొరుకుతుంది. ఉండటానికి అటక మీద చిన్న గది ఇస్తారు. ఆ గది తలుపుకు తాళం బయటి నుంచే పడుతుంది.

ఇంతవరకు చెప్పేసరికి పెద్దాయన టీ గ్లాసు కింద పెట్టి, "అంతకుముందు ఆ గదిలో ఎవరున్నారు?" అన్నారు. నేను అప్పటికి వంద పేజీలు చదివాను, నాకు ఆ ప్రశ్నే తట్టలేదు. జవాబు సగం పుస్తకం దాటాక, కథ చెప్పే గొంతు మారినప్పుడు వస్తుంది. అంతకు మించి చెప్పను.

దీన్ని ఒక్క రాత్రిలో పూర్తి చేశాను. నాలుగు పేజీలకు ఒక అధ్యాయం, ప్రతి అధ్యాయం చివర ఒక కొక్కెం. వేరుశెనక్కాయలు ఒలుచుకుని తిన్నట్టు పేజీలు అయిపోతాయి. తెల్లారి చూసుకుంటే పొట్టు తప్ప ఏమీ లేదు. ఆ ఇల్లు ఎలా ఉంటుందో, ఆ వంటగదిలో ఏ వాసన వస్తుందో నాకు ఒక్క ముక్క గుర్తు లేదు. గుర్తున్నది ఒకటే. ఇంటావిడ వంటగదినంతా తానే చిందరవందర చేసి, పనమ్మాయి మీద విరుచుకుపడే ఘట్టం. అది చదువుతుంటే మన ఇళ్ళలో పనిమనిషి కోసం విడిగా బోర్లించి పెట్టే స్టీలు గ్లాసు కళ్ళ ముందుకు వచ్చింది. రచయిత్రి దాని మీద ఇంకో పది పేజీలు నిలబడి ఉంటే బాగుండేది. ఆమెకు తొందర ఎక్కువ, మలుపు దగ్గరికి వెళ్ళిపోవాలి. రెండో భాగం కూడా తెచ్చాను. అది రెండున్నరకే మంచం మీద బోర్లా పడింది.

అలెక్స్ మైకెలిడీస్ రాసిన 'ది సైలెంట్ పేషెంట్' సంగతి వేరు. 2019 నాటిదే అయినా నేను ఆలస్యంగా చదివాను, అదీ ఒక అవమానంతో. అలీషియా అనే చిత్రకారిణి భర్త ముఖం మీద అయిదు సార్లు తుపాకీ పేల్చి, ఆ తర్వాత ఒక్క మాట కూడా మాట్లాడదు. ఆమెతో మాట్లాడించాలని థియో అనే మానసిక చికిత్సకుడు పట్టుపడతాడు. నేను కొన్న పుస్తకం దొంగ ముద్రణ అని మొదట గుర్తించలేదు. కాగితం పలచగా ఉంది, వెనక పేజీ అక్షరాలు ఇవతలికి కనిపిస్తున్నాయి, అట్ట మీద రంగు వెలిసినట్టు ఉంది. చవకగా వచ్చిందిలే అని సరిపెట్టుకున్నాను. తెల్లవారుజాము మూడున్నరకు, ఇక గుట్టు విప్పబోతున్నారు అనుకుంటూ పేజీ తిప్పితే, ఎప్పుడో చదివేసిన పేజీ మళ్ళీ వచ్చింది. చివరి 16 పేజీలు లేవు, వాటి బదులు మధ్యలోని 16 పేజీలనే రెండోసారి అతికించారు. నేను పెట్టిన తిట్లకు పెద్దాయన జనరేటరు పాడయిందనుకుని పరుగెత్తుకుంటూ వచ్చారు.

అమ్మినవాడు డబ్బు తిరిగి ఇవ్వలేదు. అసలు ప్రతి నాకు చెన్నైలో మా బావమరిది ఇంట్లో దొరికింది, పది రోజుల తర్వాత. ఆ పది రోజులూ గట్టు మీద తిరుగుతూ ఆ ముగింపు నేనే మూడు రకాలుగా కట్టుకున్నాను. ఒకటి సగం నిజమైంది. రచయిత మోసమంతా కాలంతో ఆడిన మోసం. ఏది ముందు జరిగింది, ఏది తర్వాత జరిగింది అన్నది మనం మనకు మనమే అనేసుకుంటాం, ఆయన ఎక్కడా అబద్ధం చెప్పడు. చదవడం ముగించాక మళ్ళీ మొదటికి వెళ్ళి అనుమానించిన చోట్లన్నీ తనిఖీ చేశాను. దొరకలేదు. ఆ నిజాయితీకి మార్కులు వేస్తాను. కాని రహస్యం తెలిశాక ఆ పుస్తకంలో తిరిగి చదువుకోదగ్గ పేరా ఒకటి చూపించమంటే చూపించలేను. పేలిపోయిన టపాకాయ అది.

నా గోల ఇదే. ఇప్పటి థ్రిల్లర్ రచయితలు పెట్టుబడినంతా చివరి యాభై పేజీల మీద పెడుతున్నారు. మేతంతా ఒకే పూట వేసి రొయ్యలు పెద్దవి కావాలని ఎదురుచూడటం లాంటిది. నీళ్ళు పాడవుతాయి, అంతే.

ఈ జబ్బు లేని నవల ఒకటి చదివాను, దాని పేరే ఒక వాక్యం. 'ఎవ్రీవన్ ఇన్ మై ఫ్యామిలీ హాజ్ కిల్డ్ సమ్‌వన్'. మా కుటుంబంలో ప్రతివాళ్ళూ ఎవరో ఒకరిని చంపినవాళ్ళే అని అర్థం. రాసినది బెంజమిన్ స్టీవెన్‌సన్ అనే ఆస్ట్రేలియా హాస్య కళాకారుడు. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే క్రైస్తవ మతగురువు డిటెక్టివ్ కథలకు పది నియమాలు పెట్టాడు. రహస్య గది ఒకటికి మించి ఉండకూడదు, ముందుగా చెప్పకుండా కవలలను దింపకూడదు, అలాంటివి. ఈ నవల ఆ నియమాలను మొదట్లోనే అచ్చు వేసి, ఏ పేజీలో చావు ఉందో కూడా ముందే చెప్పేస్తుంది. పేకలన్నీ బల్ల మీద పరిచి, ఇక కనుక్కో చూద్దాం అంటుంది. మంచు కొండల మీద విడిది, బంధువుల కలయిక, బయట తుపాను. ఉప్పు గాలిలో చెమట తుడుచుకుంటూ మంచు గురించి చదవడం కొంచెం వింతగానే ఉంది. చుట్టరికాలు గుర్తుపెట్టుకోలేక అట్ట వెనక వంశవృక్షం గీసుకున్నాను. బాబాయికీ మేనమామకూ ఒకటే మాట ఉన్న భాషలో ఇంతమంది చుట్టాలతో హత్య కథ రాయడం సాహసమే.

మా అమ్మకు ఇది బాగా నచ్చేది. కొమ్మూరి సాంబశివరావు రాసిన డిటెక్టివ్ యుగంధర్ నవలలను అద్దెకు తెచ్చుకుని, మరునాడు తిరిగి ఇచ్చేయాలని పొయ్యి ముందు కూర్చుని చదివిన మనిషి ఆవిడ. యుగంధర్, అతని అసిస్టెంటు రాజు కారు ఎక్కారంటే మా ఇంట్లో అన్నం మాడేది. ఆధారమంతా మన ముందే పెట్టి, మన కన్నా ఒక అడుగు ముందు నడవడం ఆ కథల పద్ధతి. ఆస్ట్రేలియాయన కూడా ఆ దారిలోనే నడిచాడు. పుస్తకం నాలుగున్నర దాకా చేతిలోనే ఉంది.

రిచర్డ్ ఒస్మాన్ 'ది థర్స్‌డే మర్డర్ క్లబ్' (2020) గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. వృద్ధుల నివాసంలో నలుగురు ముసలివాళ్ళు గురువారం గురువారం కూర్చుని పాత హత్యలను తవ్వుతారు. హాయిగా ఉంది. మరీ హాయిగా ఉండి రెండుసార్లు కునుకు పట్టింది. మా నాన్నకు ఇచ్చేశాను, ఆయన మధ్యాహ్నాలు చదువుకుంటున్నారు. దాని వేళ మధ్యాహ్నమే.

జపాన్ రచయిత ఉకేత్సు పుస్తకం 'స్ట్రేంజ్ పిక్చర్స్' 2025లో ఇంగ్లీషులోకి వచ్చింది. ఈయన తెల్ల ముసుగు వేసుకుని వీడియోలు చేసే మనిషి, అసలు పేరు బయటపెట్టడు. తొమ్మిది బొమ్మల చుట్టూ అల్లిన కథ. ఒక చిన్నపిల్లవాడు తాము ఉండే అపార్టుమెంటు బొమ్మ గీసి, ఒక్క గదిని మాత్రం అలికేస్తాడు. ఎందుకు? ఆ ప్రశ్నతో నేను గట్టు చుట్టూ రెండుసార్లు తిరిగాను. మనుషులు చదరంగం పావుల్లా ఉంటారు, ఎవరి మీదా జాలి కలగదు. బొమ్మలు మాత్రం బొమ్మలే. పెద్దాయనకు ఫోనులో పెద్దవిగా చేసి చూపించాను. కథ వినకుండానే ఒకదాని ముందు ఆగిపోయి, "ఇది గీసిన మనిషి బాగా లేరు" అన్నారు.

స్టీఫెన్ కింగ్ 2023 నవల 'హోలీ' లో హంతకులెవరో మొదట్లోనే తెలిసిపోతుంది. ఎనభై దాటిన ప్రొఫెసర్ల జంట, మర్యాదస్తులు, ఒకరి మీద ఒకరికి ప్రాణం. వాళ్ళు ఏం చేస్తారో చెప్పను గాని అన్నం తింటూ చదవవద్దు. నేను చదివాను, చేపల పులుసు అలాగే మిగిలిపోయింది. కథ నడిచేది కరోనా నాటి 2021లో. డిటెక్టివ్ హోలీ తల్లి ఆ జబ్బుతోనే పోతుంది. మాస్కుల గురించి, చేతులు తాకకుండా మోచేతులు ఆనించుకోవడం గురించి ఆయన అన్ని పేజీలు రాయకుండా ఉండవలసింది. ఆ ఏడాది మేమూ బతికాం, ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు. అయినా ఆ వృద్ధ దంపతుల ఇంటి నేలమాళిగ నన్ను వదలలేదు. ఎవరు అన్న ప్రశ్న తీసేసినా ఉత్కంఠ మిగులుతుందని ఈ పుస్తకం చదివి నమ్మాను.

ఇక భయం సంగతి. మా అమ్మ 'తులసిదళం' చదివిన రోజులలో ఆ పుస్తకాన్ని రాత్రి పూట పడకగదిలో ఉంచేది కాదు, బియ్యం డ్రమ్ము మీద పెట్టి వచ్చేది. చేతబడి మన గాలిలో ఉన్న మాట కాబట్టి అది అంత భయపెట్టింది. మరి మెక్సికోలో ఎక్కడో ఉన్న దయ్యాల కొంప నన్నెందుకు భయపెట్టాలి?

సిల్వియా మొరెనో గార్సియా రాసిన 'మెక్సికన్ గోథిక్' (2020) చదువుతుండగా ఒక రాత్రి కరెంటు పోయింది. ఏరియేటర్ల చప్పుడు మా చెవులకు ఎంత అలవాటంటే, అది ఉన్నంతసేపు వినిపించదు. ఆగిపోతేనే వినిపిస్తుంది. ఒక్కసారిగా నాలుగు వైపులా నిశ్శబ్దం కమ్ముకుంది, గుండె జారిపోయింది. జనరేటరు అందుకునే దాకా ఉన్న ఆ కాసేపు ఎలా ఉంటుందో, ఈ నవల మొదటి రెండు వందల పేజీలూ అలాగే ఉంటాయి. ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు. భోజనాల దగ్గర మౌనం. గోడ కాగితం కింద తేమ, బూజు. ఆ బూజు చారలు నిన్న ఉన్నట్టు ఇవాళ ఉండవు. 1950ల నాటి కథ. నోయెమీ అనే చలాకీ అమ్మాయి, పెళ్ళయి వెళ్ళిన, వరసకు అక్క అయ్యే అమ్మాయి దగ్గరి నుంచి పిచ్చి రాతలతో ఉత్తరం వస్తే, చూసి రావడానికి కొండ మీది ఆ ఇంటికి వెళుతుంది. ఇంటివాళ్ళు ఇంగ్లీషువాళ్ళు, వెండి గని యజమానులు. గని మూతపడి చాలాకాలమైంది. అందులో పనిచేసిన స్థానికులు జబ్బులతో గుట్టలుగా చనిపోయారు. మొదట్లో నెమ్మదిగా సాగుతుంది, నిజమే. చివర్లో మంటలు, పరుగులు సినిమా ఫక్కీలో ఉన్నాయి, అవి నాకు నచ్చలేదు. ఆ మధ్య భాగం మాత్రం తెల్లారేదాకా నన్ను కదలనివ్వలేదు.

దీన్ని పెద్దాయనకు మూడు రాత్రులు చెప్పాను. ఎప్పటిలా ఆయన మధ్యలోనే హంతకుడు ఎవరో ఊహించి చెప్పేయలేదు. గని దగ్గరికి వచ్చేసరికి, "ఏం గని?" అని అడిగారు. వెండి అన్నాను. కాసేపు ఊరుకుని, తన తండ్రి సైదాపురం వైపు అభ్రకం గనిలో పనిచేసిన సంగతి చెప్పారు. ఇన్నేళ్ళలో నాతో ఎప్పుడూ అనలేదు. సాయంత్రం తండ్రి ఇంటికి వస్తే దీపం వెలుగులో చొక్కా మిలమిల మెరిసేదట. పిల్లలు ఆ మెరుపు కోసం ఆయన చేతులు పట్టుకుని తిప్పేవారట. చివరి రెండేళ్ళు ఆయన పడుకోలేక, కూర్చునే దగ్గుతూ గడిపాడట. వదిలేసిన గుంతలలో ఇప్పుడు నీళ్ళు నిలిచాయని, వేసవిలో గేదెలు దిగుతాయని చెప్పారు. తర్వాత లేచి జనరేటరులో డీజిల్ చూసి వచ్చారు. అప్పుడే చూశాం, అవసరం లేదు.

ఆ పుస్తకం పేరు ఆయనకు నోరు తిరగదు. ఇప్పటికీ కొత్త కథ ఏదైనా మొదలుపెడితే, పది నిమిషాలు విని, "అభ్రకం పుస్తకమంత లేదు" అంటారు. మా షెడ్డులో ఇప్పుడు దాని పేరు అదే.