అమ్మకానికి పెట్టిన ఇంటిని బాడుగకివ్వడం: నెల్లూరులో కొన్నేళ్లు చూశాక

వీధిపోటనో, దక్షిణం వాకిలనో, లింకు డాక్యుమెంటు (ఇల్లు ఇంతకుముందు చేతులు మారిన పాత దస్తావేజు) ఒకటి తక్కువైందనో బేరం తెగక ఆగిపోయిన ఇళ్లు నెల్లూరులో చాలానే కనిపిస్తాయి. వేదాయపాళెం వైపు అలాంటి ఇంటినే ఏళ్లుగా బాడుగకిస్తున్నాం. నా తీర్పు ముందే చెప్పేస్తా. డబ్బు కోసమైతే ఇది గిట్టదు. కొనేవాళ్లు కుదిరేదాకా ఇల్లు చెడిపోకుండా ఉండాలంటే మాత్రం ఇంతకంటే మంచి దారి లేదు.

తాళం వేసిన ఇల్లు ఎంత త్వరగా పాడవుతుందో చాలామందికి తెలియదు. బాత్రూము నహానీ ట్రాపులో (నేల మీది జాలీ కింద నీళ్లు నిలిచి వాసనను ఆపే వంపులో) నీళ్లు ఎండిపోతే చాలు, డ్రైనేజీ వాసన, బొద్దింకలు నేరుగా లోపలికొస్తాయి. కొనడానికి వచ్చినవాళ్లు తలుపు తీయగానే ముక్కు మూసుకుంటారు. ఉప్పునీళ్ల బోరైతే నెలల తరబడి తిరగని సబ్‌మెర్సిబుల్ మోటారు గార పట్టి బిగుసుకుపోతుంది. పైకి లాగి బాగుచేయించే ఖర్చుకే బాడుగ డబ్బులు చాలవు. ద్వారబంధాలకు చెద పట్టినా కనిపెట్టే మనిషి ఉండడు.

బాడుగకు ఇవ్వడానికీ ఒక అదను ఉంది. పిల్లల చదువుల కోసం టౌనుకొచ్చే కుటుంబాలు మే, జూన్ నెలల్లోనే ఇళ్లు వెతుక్కుంటాయి. ఆషాఢంలో ఎవరూ ఇల్లు మారరు. జ్యేష్ఠం దాటితే శ్రావణం దాకా ఖాళీనే. అందుకని ఏప్రిల్ చివరికల్లా పెయింటు పని ముగించి టులెట్ బోర్డు కట్టేయాలి. వాకిలి దిక్కు గురించి కొనేవాళ్లకున్నంత పట్టింపు బాడుగకొచ్చేవాళ్లకు ఉండదు. అమ్మకానికి అడ్డమైన లోపం ఇక్కడ అంతగా అడ్డం రాదు.

అసలు జాగ్రత్తంతా అగ్రిమెంటులో ఉంది. అందరూ రాసుకునే పదకొండు నెలల కాగితానికి కారణం 1908 రిజిస్ట్రేషన్ చట్టమే. అసలు చట్టంలో ఏడాది మించిన లీజుకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మన ఆంధ్రలో మాత్రం 1999 సవరణ నుంచి గడువు ఎంతైనా లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరే. కానీ జిరాక్సు షాపులో దొరికే నమూనాలో అమ్మకం ఊసే ఉండదు. ఆ మాటలు మనమే రాయించుకోవాలి. ఇల్లు అమ్ముడైతే రెండు నెలల గడువుతో ఖాళీ చేయాలని ఒక షరతు. అమ్మకం అగ్రిమెంటుకు మామూలుగా మూడు నెలలు పెట్టుకుంటారు కాబట్టి రెండు నెలల నోటీసు అందులో ఇమిడిపోతుంది. ఆ గడువు ఫిబ్రవరి, మార్చిలో పడితే పరీక్షలయ్యేదాకా ఆగుతామని కూడా రాయండి. చదువుకునే పిల్లలున్న ఇంటిని ఆ నెలల్లో ఖాళీ చేయమనడం ధర్మం కాదు. పైగా ఆ ఒక్క మాటతో బాడుగవాళ్లు మిగతా షరతులకు మనస్ఫూర్తిగా ఒప్పుకుంటారు.

ఇల్లు చూపించే వేళ ఇంకో షరతు. ముందురోజు ఫోను చేసి, ఆదివారం పది నుంచి పన్నెండు లోపల అంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు. బ్రోకర్లు చెప్పాపెట్టకుండా మనుషుల్ని తీసుకెళ్లి తలుపు కొట్టడం వల్లే మంచి కుటుంబాలు వెళ్లిపోతాయి.

ఇక అడ్వాన్సు. ఇల్లు అమ్మినప్పుడు దాన్ని పాత ఓనరే తిరిగిస్తాడా, కొన్నవాళ్లకు అప్పజెప్తాడా అన్నది అమ్మకం కాగితంలోనూ ఉండాలి. లేకపోతే ఇద్దరి మధ్యా బాడుగవాళ్లు నలిగిపోతారు.

కరెంటు దగ్గర వచ్చే తగాదాలు వేరు. కింద మీరు, పైన వాళ్లు ఉండి ఒకే మీటరైతే యూనిట్లన్నీ కలిసి రేటు ఎక్కువుండే పై శ్లాబులో పడతాయి. వేరే మీటరు పెట్టించడమే మేలు. వేసవిలో బిల్లులో ఏసీడీ అని కనిపిస్తే అది అదనపు డిపాజిట్టు. సర్వీసు నంబరు మీదే ఉండిపోతుంది కనుక ఓనరే కట్టుకోవాలి. ట్రూఅప్ ఛార్జీ (కరెంటు కంపెనీకి అయిన అదనపు ఖర్చును తర్వాత వసూలు చేసేది) అలా కాదు. గడిచిన నెలల వాడకం మీద ఆలస్యంగా పడుతుంది. పాతవాళ్లు కాల్చిన కరెంటుకు కొత్తగా చేరినవాళ్ల బిల్లులో డబ్బు కనబడుతుంది, గొడవ మొదలవుతుంది. ఖాళీ చేసే రోజు మీటరు ఫొటో తీసుకుని, దీనికోసం అడ్వాన్సులో కొంత ఆపుకుంటామని ముందే రాసుకోవాలి. ఇంటి కనెక్షన్ మీద ఆఫీసు నడిపితే తనిఖీలో కేటగిరీని ఇంటి వాడకం నుంచి వ్యాపారానికి మారుస్తారు. నోటీసు వచ్చేది సర్వీసు ఎవరి పేరునుందో వాళ్లకే.

వానల సంగతి. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. సెప్టెంబరులో మీరే మిద్దె ఎక్కండి, బాడుగవాళ్లు ఎక్కరు. వాననీటి గొట్టం మూతికి వేపాకులు, ఒక ప్లాస్టిక్ కవరు అడ్డం పడితే చాలు, శ్లాబు మీద నీళ్లు నిలిచి పడకగది సీలింగులో అరచేయంత పసుపు మచ్చ పడుతుంది. దాని చుట్టూ పెయింటు బుడగలు లేచి పొరలుగా రాలుతుంది. కొనేవాళ్లు మొదట చూసేది సీలింగే. ఆ మచ్చ ఒక్కటి కనబడితే బేరం లక్షల్లో దిగుతుంది.

డబ్బు లెక్క క్లుప్తంగా. అరవై లక్షలు చెప్పే ఇంటికి నెలకు 13,000 బాడుగ వస్తుందనుకుంటే ఏడాదికి 1,56,000, అంటే నూటికి 2.6. మీరు కట్టిన ఇంటిపన్ను 8,000 తీసేస్తే 1,48,000. అందులో 30 శాతం బిల్లులేవీ చూపకుండానే మినహాయింపు. మిగిలిన 1,03,600 మీదే ఆదాయపు పన్ను లెక్క. మున్సిపాలిటీకి ఏడాది ఇంటిపన్ను మొత్తం ఏప్రిల్ 30లోపు కడితే 5 శాతం తగ్గిస్తారు. ఇల్లు విదేశాల్లో ఉన్న కొడుకు పేరునో కూతురి పేరునో ఉంటే బాడుగ ఎంత చిన్నదైనా బాడుగవాళ్లే టీడీఎస్ (బాడుగలోంచి ముందే కోసే ఆదాయపు పన్ను) పట్టి కట్టాలి. నెలకు 50,000 దాటితేనే అన్న నియమం అక్కడ వర్తించదు. ఆడిటర్ని అడిగి మొదటి నెల నుంచే ఆ పని సరిచేసుకోండి.

బేరం ఖాయమై అమ్మకం అగ్రిమెంటు రాసుకున్నాక మాత్రం కొత్తగా ఎవర్నీ బాడుగకు పెట్టొద్దు. రిజిస్ట్రేషన్ రోజుకు ఇల్లు ఖాళీగా అప్పజెప్తామని మీరు సంతకం పెట్టి ఉంటారు. ఆ రెండు మూడు నెలలకు వారానికోసారి వెళ్లి మోటారు వేసి, ట్రాపుల్లో బక్కెట్టెడు నీళ్లు పోసి వస్తే చాలు.