ఐ-797 ఒరిజినల్ ఎవరి చేతికీ ఇవ్వకండి, అక్కర్లేని అడ్వాన్స్ పెరోల్ కొనకండి

పెళ్లి మీద వచ్చిన రెండేళ్ల షరతుల గ్రీన్ కార్డు మీద ఉన్నారా? ఆ షరతు తీసేయమని ఐ-751 ఫారం వేసి, అది తేలకముందే ఇండియా టికెట్లు చూస్తున్నారా? అయితే 450 డాలర్లు పోగొట్టుకుని నేను నేర్చుకున్నది మీరు ఉచితంగా చదవండి.

చెల్లి పెళ్లికి గుంటూరు వెళ్లాలి. కార్డు మీద తేదీ అప్పటికే దాటిపోయింది. డాలస్‌లో మనవాళ్లే నడిపే ఒక డాక్యుమెంట్ సర్వీసుకి వెళ్తే, "కేసు పెండింగ్‌లో ఉంది కదమ్మా, అడ్వాన్స్ పెరోల్ లేకుండా దేశం దాటితే అంతే సంగతులు" అన్నారు. అడ్వాన్స్ పెరోల్ అంటే కేసు తేలకముందే దేశం దాటి తిరిగి రావడానికి ముందుగా తీసుకునే అనుమతి. హడలిపోయి డబ్బు కట్టేశాను. ఫైలులో ఉండాలంటూ నా ఐ-797, అంటే ఐ-751 అందిందని ఇమిగ్రేషన్ శాఖ పంపిన రసీదు, ఒరిజినల్ ఉంచేసుకుని, కలర్ జిరాక్స్ తీసి లామినేషన్ చేసి మరీ ఇచ్చారు. పది రోజులయ్యాక ఫోన్ చేస్తే "అప్లికేషన్ వేసేశాం, మీరు వెళ్లిపోండి" అన్నారు. అది చేతికి రాకుండా కదలకూడదన్నది మీరే కదా అని అడగాలని నాకూ తోచలేదు.

వెళ్లేటప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. తిరుగు ప్రయాణంలో, రాత్రి రెండు దాటాక శంషాబాద్ చెకిన్ కౌంటర్‌లో అమ్మాయి ఆ కాగితాన్ని గోటితో గీకి చూసి, "ఇది కాపీ కదా మేడమ్, ఒరిజినల్ ఏది?" అంది. సూపర్‌వైజర్ వచ్చాడు, ఎవరికో ఫోన్ చేశాడు, కుదరదన్నాడు. ఆవకాయ డబ్బాలున్న సూట్‌కేసు బెల్టు మీంచి దించి మళ్లీ ట్రాలీలోకి ఎక్కించాం. మియాపూర్‌లో బాబాయి వాళ్లింట్లో ఆరు రోజులు. అక్కడ డాలస్‌లో మా ఆయన రెండుసార్లు తిరిగితే గానీ ఆ సర్వీసు వాళ్ల సొరుగులోంచి ఆ కాగితం బయటికి రాలేదు. కొరియర్ ఖర్చు, టికెట్ మార్పు ఖర్చు అదనం.

అసలు విషయానికొస్తే, మామూలుగా అడ్వాన్స్ పెరోల్ ఐ-485 (అమెరికాలో ఉండి గ్రీన్ కార్డు కోసం వేసే ఫారం) పెండింగ్‌లో ఉన్నవాళ్లు తీసుకునేది. మనం షరతుతోనే అయినా ఇప్పటికే పర్మనెంట్ రెసిడెంట్లం. తేదీ దాటిన కార్డు, ఐ-797 ఒరిజినల్, పాస్‌పోర్టు, ఈ మూడూ మన చేతిలో ఉండాలి. 2023 జనవరి నుంచి ఈ రసీదుతో 48 నెలల పొడిగింపు ఇస్తున్నారు. లెక్క రసీదు తేదీ నుంచి కాదు, కార్డు మీద ఉన్న గడువు తేదీ నుంచి. రసీదు పోతే బయల్దేరకముందే యూఎస్‌సీఐఎస్‌కి, అంటే ఇమిగ్రేషన్ శాఖకి, ఫోన్ చేసి పాస్‌పోర్టులో ఐ-551 స్టాంపు (పర్మనెంట్ రెసిడెంట్ అన్న రుజువు) కోసం అపాయింట్‌మెంట్ అడగండి. ఇండియా వెళ్లాక పోతే తిరిగి విమానం ఎక్కే అనుమతి కోసం ఐ-131ఎ ఫారం వేసి, కాన్సులేట్ చుట్టూ తిరగాలి. అది చిన్న ఖర్చు కాదు.

ఇంకొకటి, మీరు ఊళ్లో లేనప్పుడు బయోమెట్రిక్స్ (వేలిముద్రలు, ఫోటో) నోటీసు రావచ్చు, ఇంట్లో ఎవరైనా పోస్టు చూస్తూ ఉండాలి. యూరప్ మీదుగా వెళ్తుంటే ఆ దేశపు ట్రాన్సిట్ వీసా రూల్ విడిగా చూసుకోండి.

అమెరికాలో ఇమిగ్రేషన్ సలహా ఇవ్వాల్సింది లాయరు, లేదా న్యాయశాఖ గుర్తింపు ఉన్న ప్రతినిధి. ఫారాలు నింపి పెట్టేవాళ్లకి ఆ హక్కు లేదని నాకు ఆలస్యంగా తెలిసింది. ఆ డాలస్ సర్వీసు వాళ్లని ప్రభుత్వ ఫీజు కట్టిన రసీదు చూపించమని మూడుసార్లు అడిగాను. "పంపిస్తామమ్మా" అంటూనే ఉన్నారు.