ఆల్ట్ లాటినో: ఏళ్ల తరబడి విన్నాక తేలిన సంగతులు

పాటల యాప్‌లలో లాటిన్ అమెరికా సంగీతమంతటికీ కలిపి ‘లాటిన్’ అని ఒక అర ఉంటుంది. త్యాగరాజ కీర్తననీ, డప్పు దరువునీ, చెన్నై గానా పాటనీ ఒకే బుట్టలో పడేసి ‘సౌత్ ఇండియన్’ అని చీటీ అంటిస్తే ఎలా ఉంటుందో, ఆ అర కూడా అలాగే ఉంటుంది. అమెరికా ప్రజా రేడియో ఎన్‌పీఆర్‌లో 2010లో మొదలైన ఆల్ట్ లాటినో అనే పాడ్‌కాస్ట్ ఆ బుట్టను విప్పి, ఏ దరువు ఏ ఊరిదో, ఎవరి నోటి నుంచి ఎవరి చేతికి వచ్చిందో చెబుతుంది. ఇన్నేళ్లుగా దాన్ని వినాలనిపించడానికి మొదటి కారణం అదే.

దీన్ని మొదలుపెట్టింది ఇద్దరు. ఫెలిక్స్ కాంట్రేరాస్ కాలిఫోర్నియాకు చెందిన మెక్సికన్ అమెరికన్, స్వయంగా కాంగా అనే చేతి డోలు వాయిస్తారు. జాస్మిన్ గార్స్ద్ పుట్టింది బ్యూనస్ ఐరిస్‌లో. తర్వాతి ఏళ్లలో ఆమె వెళ్లిపోయారు, అనామరియా సేర్ వచ్చారు. ఈ మార్పు వినికిడిలో బాగా తెలుస్తుంది. పాత ఎపిసోడ్లలో రాక్, హిప్‌హాప్ కలిసిన ఆల్టర్నేటివ్ సంగీతం పాలు ఎక్కువ. కొత్తవాటిలో రెగ్గెటాన్, కొర్రీదోస్ తుంబాదోస్ లాంటి కుర్రకారు సంగీతానికి చోటు పెరిగింది. ఫెలిక్స్ మాట్లాడేటప్పుడు వాయిద్యగాడి చెవి పనిచేస్తుంది. వెనక ఏ తోలు వాయిద్యం మోగుతోందో ఆయన వదిలిపెట్టరు. తెలుగు శ్రోతకు ఆయన ఎపిసోడ్లు ముందు వినమని చెబుతాం.

మాట ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే నడుస్తుంది. మధ్యమధ్య స్పానిష్ దొర్లుతుంది, ప్రతిసారీ అర్థం చెప్పరు. ఇది అమెరికాలో రెండు భాషల మధ్య పెరిగినవాళ్ల మాటతీరు. మన ఇళ్లలో తెలుగు, ఇంగ్లిష్ కలిసిపోయినట్టే. ఒక్క మాట దాటిపోతే ఆగక్కర్లేదు, రెండు వాక్యాల తర్వాత అర్థం దొరుకుతుంది.

ఇక వినే పద్ధతి. ఎక్కువమంది ఇక్కడే పాడుచేసుకుంటారు.

పాడ్‌కాస్ట్ యాప్‌లలో మౌనాన్ని కత్తిరించి సమయం మిగిల్చే సౌకర్యం ఒకటి ఉంటుంది. వార్తలకు, చర్చలకు అది బాగానే ఉంటుంది. ఈ కార్యక్రమానికి మాత్రం ఆపేయాలి. ఈ సంగీతంలో ఖాళీ కూడా దరువే. రెండు దెబ్బల మధ్య వదిలిన జాగాను యాప్ కోసేస్తే లయ కుంటుతుంది, గాయకుడు తడబడ్డాడేమో అనిపిస్తుంది. గొంతు స్పష్టంగా వినబడేలా పెంచే సెట్టింగ్ కూడా తీసేయాలి. అది చిన్న శబ్దాలను పైకి లేపి, పెద్దవాటిని అణిచి అన్నిటినీ ఒకే మట్టానికి తెస్తుంది. కాంగా మీద అరచేతి మొత్తుడుకీ, వేళ్ల తాకుడుకీ ఉన్న తేడా అక్కడే చచ్చిపోతుంది. వేగం ఒకటి దగ్గరే ఉంచాలి. మాట అందక 0.8కి తగ్గిస్తే శ్రుతి మారదు కానీ, దెబ్బ మొన పోయి సాగిన రబ్బరులా వినిపిస్తుంది. మాట కోసం వేగం తగ్గించినవాళ్లు పాట రాగానే మళ్లీ ఒకటికి తేవాలి.

ఫోన్ స్పీకర్ మీద వినొద్దు. 100 హెర్ట్జ్ కింది ధ్వనిని అది దాదాపు పలికించలేదు. ఈ సంగీతంలో సగం కథ బేస్‌లో ఉంటుంది. మామూలు తీగ ఇయర్‌ఫోన్స్ చాలు, ఖరీదైనవి అక్కర్లేదు. డౌన్‌లోడ్ భారం కూడా తక్కువే. 128 కిలోబిట్ల ఫైలు నిమిషానికి ఇంచుమించు 1 ఎంబీ తింటుంది, ముప్పావు గంటకు 45 ఎంబీ దాటదు.

ఎపిసోడ్లో పాట చాలాసార్లు ముక్కగానే వస్తుంది. పాడ్‌కాస్ట్‌లో పూర్తి పాట వేయాలంటే హక్కుల చిక్కులు ఎక్కువ, పైగా దాని గురించి మాట్లాడటానికే కదా వేస్తున్నారు. అందుకే ఎపిసోడ్‌తో పాటు ఒక కాగితం పెట్టుకుని పేర్లు రాసుకోవాలి, తర్వాత పాటను విడిగా మొత్తం వినాలి. ఫలానా నిమిషం దగ్గర బాగుందని స్నేహితులకు చెప్పినా కుదరకపోవచ్చు. ప్రకటనలను డౌన్‌లోడ్ చేసే వేళ చేరుస్తుంటారు కాబట్టి ఆ నిమిషాలు వాళ్ల ఫైల్లో ముందుకో వెనక్కో జరుగుతాయి. పాట పేరు చెప్పడమే మేలు.

పేర్లు రాసుకోవడంలో ఒక ఇబ్బంది ఉంది. చెవికి వినబడినట్టు టైప్ చేస్తే వెతుకులాటలో దొరకవు. స్పానిష్‌లో జె అక్షరం ‘హ’ పలుకుతుంది, హెచ్ అసలు పలకదు. రెండు ఎల్‌లు కలిస్తే చాలాచోట్ల ‘య’, బ్యూనస్ ఐరిస్ వైపు ‘ష’. వి, బి రెండూ ఒకే శబ్దం. కొలంబియా సంగీతం ‘బాయెనాతో’ అని వినిపిస్తుంది, రాసేటప్పుడు వి తో మొదలై మధ్యలో రెండు ఎల్‌లు ఉంటాయి. మెక్సికోలోని వెరాక్రూస్ గిటారు ‘హరానా’ను జె తో వెతకాలి. ఒక ర, రెండు ర ల తేడా మాత్రం మనకు తేలిక. మన బండి ఱ ఇంకా పూర్తిగా మరుపున పడలేదు.

ఇప్పుడు అసలు సంగతి. కార్యక్రమంలో ‘క్లావే’ అన్న మాట తరచూ వస్తుంది. అది అయిదు దెబ్బల లయ, క్యూబా నుంచి వచ్చిన సంగీతంలో చాలాభాగానికి వెన్నెముక. కొత్తగా వినేవాళ్ల కోసం ప్రతిసారీ ఆగి దాన్ని విడమరచడం జరగదు. లయను నోటితో పలికే మన కొన్నకోల్ తెలిసినవాళ్లకు అది అయిదు నిమిషాల పని. తాళంలో పదహారు మాత్రలు, అంటే పదహారు సమానమైన లయ ముక్కలు అనుకోండి. ‘తకిట తకిట తకదిమి తక తకదిమి’ అని నోటితో అంటూ, ప్రతి ముక్కలోనూ మొదటి ‘త’ దగ్గర మాత్రమే చప్పట్లు కొట్టండి. 3, 3, 4, 2, 4. అయిదు చప్పట్లు వస్తాయి. అదే సోన్ క్లావే, మూడు-రెండు వరస. మూడో దెబ్బను ఒక్క మాత్ర ఆలస్యం చేసి ‘తకిట తకదిమి తకిట తక తకదిమి’ అంటే రుంబా క్లావే. సగం నుంచి ఎత్తుకుంటే రెండు-మూడు వరస. పాట నడుస్తుండగా ఈ అయిదు దెబ్బలు కర్ర ముక్కల మీద వినబడకపోయినా, మిగతా వాయిద్యాలన్నీ వాటికి లోబడే నడుస్తాయి. చప్పట్లు పాటతో పోట్లాడుతున్నట్టు అనిపిస్తే తప్పు పాటది కాదు, వరస తిరగబడింది. ఎనిమిది మాత్రలు ఆగి మళ్లీ ఎత్తుకోవాలి.

సాల్సాలో మనవాళ్లు తప్పకుండా తడబడే చోటు సమం, అంటే తాళం మొదలయ్యే మాత్ర. మనకు సమం మీద బలమైన దెబ్బ పడటం అలవాటు. సాల్సా బేస్ చాలాసార్లు సమాన్ని వదిలేస్తుంది. ఎనిమిది మాత్రల్లో నాలుగో దాని మీద, ఏడో దాని మీద మోగి, ఆ ఏడో స్వరాన్నే తర్వాతి సమం మీదుగా సాగదీస్తుంది. అదే సమం అనుకుని కాలు వేస్తే తాళం మొత్తం జారిపోతుంది. ‘తకిట తకిట తక’ అనుకుంటూ రెండో తకిట మొదట్లోనూ, చివరి తక మొదట్లోనూ బేస్ పడుతోందో లేదో చూడండి. ఇప్పుడు ఏదైనా రెగ్గెటాన్ పాట పెట్టండి. కింద డ్రమ్ము ఒకటి, అయిదు మాత్రల మీద నిలకడగా కొడుతుంది. పైన స్నేర్ డ్రమ్ము మళ్లీ ఆ నాలుగు, ఏడు మాత్రల మీదే పడుతుంది. పెద్దల సాల్సాకీ పిల్లల రెగ్గెటాన్‌కీ చుట్టరికం ఆ రెండు మాత్రల దగ్గర పట్టుబడుతుంది. ఈ కార్యక్రమంలో పెద్ద తరాన్నీ చిన్న తరాన్నీ పక్కపక్కన కూర్చోబెట్టడం ఎందుకంత బాగుంటుందో ఇది తెలిశాక ఇంకా బాగా అర్థమవుతుంది.

కొలంబియా నుంచి వచ్చిన కుంబియా సులువు. గ్వాచరాకా అనే గీకుడు వాయిద్యం ఒక పొడుగు, రెండు పొట్టి గీతలు గీస్తూ పోతుంది. దాన్ని పట్టుకుంటే చాలు.

ప్యూర్టో రికో సంగీతం వచ్చే ఎపిసోడ్లను మాత్రం తొందరపడి వినకూడదు. అక్కడి ప్లేనా అనే జానపద సంగీతంలో వాయించే పందేరెతా చూడటానికి మన కంజిరకు అన్నలా ఉంటుంది కానీ గజ్జెలుండవు. మూడు సైజుల్లో ఉంటుంది. పెద్దదైన సెగిదోర్ నడక నిలబెడుతుంది, మధ్యది జవాబిస్తుంది, చిన్నదైన రెకింతో ఇష్టం వచ్చినట్టు ఆడుతుంది. 2025 జనవరిలో వచ్చిన ఆల్బమ్‌లో ప్యూర్టో రికో గాయకుడు బ్యాడ్ బన్నీ ఈ ప్లేనాను తీసుకొచ్చాకే ప్రపంచంలో చాలామంది చెవిన ఆ పేరు పడింది. అక్కడిదే మరో సంగీతం బోంబా దీనికి భిన్నం. పీపాల్లాంటి డోళ్లలో ఒకటి నడక పట్టుకుంటే, ప్రీమో అనే రెండోది నర్తకి కదలికను వాయించాలి. మన కూచిపూడిలో నట్టువాంగం అడుగును నడిపిస్తుంది. అక్కడ పావడా అంచు విసురుకు డోలు జవాబు చెప్పాలి. రేడియోలో నర్తకి కనబడదు కాబట్టి ప్రీమో పిచ్చిగా వాయిస్తున్నట్టుంటుంది. ఒక్కసారి వీడియో చూసి వస్తే ఆ పిచ్చికి లెక్క దొరుకుతుంది.

డాలస్, హ్యూస్టన్ వైపు ఉన్న తెలుగువాళ్లు టెక్సస్ సంగీతం వచ్చినప్పుడు తప్పక వినాలి. అక్కడి కొన్హుంతో అనే సంగీతంలో బొత్తాల అకార్డియన్, పన్నెండు తీగల బాహో సెక్స్తో జంటగా నడుస్తాయి. ఆ అకార్డియన్, పోల్కా నడక 19వ శతాబ్దంలో టెక్సస్‌కు వచ్చిన జర్మన్, చెక్ వలసదారుల నుంచి అబ్బినవి. పక్కింటి పెరట్లో శనివారం సాయంత్రం మోగేది ఏమిటో తెలిస్తే పలకరింపుకు ఒక మాట దొరుకుతుంది.

ఈ కార్యక్రమం దృష్టి అమెరికాలోని లాటినోల మీద, అంటే లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్ల మీద నిలిచి ఉంటుందని తెలుసుకుని వినాలి. వలస, భాష, ‘మేం ఎవరం’ అన్న ప్రశ్న పాటల మధ్యకు వస్తూనే ఉంటాయి. బ్రెజిల్ అప్పుడప్పుడే కనిపిస్తుంది, దాని కోసం వేరే చోటు చూసుకోవాలి. సంగీతం కంటే వార్తలు, జీవితాలు ముఖ్యమనుకునేవాళ్లకు మరియా హినొహోసా నడిపే లాటినో యూఎస్‌ఏ సరిపోతుంది. రెండిటినీ ఒకదానికొకటి బదులుగా చూడలేం.

మొదలుపెట్టడానికి మంచి రోజులు సెప్టెంబరు 15 నుంచి అక్టోబరు 15 దాకా. మధ్య అమెరికాలోని అయిదు దేశాల స్వాతంత్ర్య దినం సెప్టెంబరు 15న, మెక్సికోది 16న, చీలీది 18న వస్తాయి. అందుకే అమెరికాలో హిస్పానిక్ వారసత్వ మాసం నెల మధ్యలో మొదలవుతుంది. 2021 నుంచి ఆ నెలలో ఆల్ట్ లాటినో బృందం ఎన్‌పీఆర్ వారి టైనీ డెస్క్ కచేరీలను ‘ఎల్ టైనీ’ పేరుతో తన చేతిలోకి తీసుకుంటోంది. ఆఫీసు బల్ల వెనక చిన్న జాగా, గొంతుకు స్పీకర్ల దన్ను ఉండదు. వాయిద్యాలు గొంతును మింగకుండా వాయించుకోవాల్సిందే. 2024 అక్టోబరులో అర్జెంటీనా జంట కాట్రియెల్, పాకో అమొరోసో అక్కడ పాడి ప్రపంచానికి తెలిశారు. ముందు వీడియో చూడండి, ఎవరి చేతిలో ఏముందో గుర్తుపెట్టుకోండి. ఆ తర్వాత అదే కళాకారుల ఎపిసోడ్ వెతికి, కళ్లు మూసుకుని వినండి. చప్పట్లకు చేతులు ఖాళీగా ఉంచుకోండి.