ఒక శాతం షంట్ రెసిస్టర్లు కొంటున్నారా? వేడెక్కాక కొలిచి చూడండి

కరెంట్ కొలవడానికి ఆన్‌లైన్‌లో పేరూ ఊరూ లేని షంట్ రెసిస్టర్లు (కరెంట్ దారిలో పెట్టే అతి తక్కువ రెసిస్టెన్స్ ముక్కలు, వాటి మీద పడే వోల్టేజ్‌ని బట్టి కరెంట్ తెలుస్తుంది) తెప్పించుకునేవాళ్లు ఇది చదివాకే ఆర్డర్ పెట్టండి. నేను కొన్నవి బోర్డు మీద నేరుగా సోల్డర్ చేసే 2512 సైజు, 1 మిల్లీ ఓమ్, 3 వాట్లు. బ్యాటరీలోకి వచ్చే కరెంట్, బయటికి పోయే కరెంట్ లెక్కగట్టే బోర్డు కోసం తీసుకున్నాను. అమ్మకం పేజీలో "1 శాతం, 50 పీపీఎం, ప్రెసిషన్" అని బొద్దక్షరాల్లో ఉంది (ఇక్కడ పీపీఎం అంటే వేడికి విలువ ఎంత మారుతుందో చెప్పే అంకె). అందులో నిజమైంది ఆ 1 శాతం ఒక్కటే, అదీ చల్లగా ఉన్నంతసేపే.

ఎలా కొలిచానో ముందు చెప్పాలి, ఎందుకంటే అమ్మినవాళ్లు మొదట పేచీ పెట్టింది దీని మీదే. నమ్మకమైన మాంగనిన్ (వేడికి విలువ పెద్దగా మారని రాగి మిశ్రమం) షంట్ ఒకటి, ఈ కొత్తది ఒకటి సిరీస్‌లో పెట్టాను. రెండింట్లోనూ పారేది ఒకటే కరెంట్ కాబట్టి సప్లై కాస్త అటూ ఇటూ అయినా పోలిక చెడదు. వోల్టేజ్ చూసే సన్నటి వైర్లు కరెంట్ వైర్లతో కలవకుండా, ప్యాడ్ల (షంట్ చివర్లు అతికే రాగి గళ్ల) లోపలి అంచు దగ్గర విడిగా సోల్డర్ చేశాను. 30 ఆంపియర్లు ఇవ్వగానే కొత్త షంట్ మీద 30.1 మిల్లీవోల్టులు. బాగానే ఉంది. అలాగే వదిలేస్తే అంకె మెల్లగా పైకి పాకడం మొదలైంది. 30.5, 31, 31.3... చివరికి 31.6 దగ్గర ఆగింది. పక్కనున్న పాత షంట్ మాత్రం కదల్లేదు. ఆ సమయానికి కొత్తదాని ఒళ్లు మొదటికంటే 60 డిగ్రీలు వేడెక్కి ఉంది.

లెక్క చూడండి. 50 పీపీఎం అంటే డిగ్రీకి పది లక్షల్లో 50 వంతుల మార్పు. 60 డిగ్రీలకు 0.3 శాతం. రీడింగ్ 30.2 దాటకూడదు. ఇక్కడ వచ్చిన తేడా దాదాపు 5 శాతం, అంటే డిగ్రీకి 800 పీపీఎం పైమాటే. స్వచ్ఛమైన రాగికి 3900 ఉంటుంది. మంచి మాంగనిన్‌కి 20 చుట్టుపక్కల. మనకు అంటగట్టింది ఈ రెండింటికీ మధ్యది.

ఇంకో తమాషా. కరెంట్ పూర్తిగా ఆపేశాక మీటర్ సున్నాకి రావాలి కదా? 80 మైక్రోవోల్టుల దగ్గర నిలబడిపోయింది. షంట్ చల్లారేకొద్దీ అదీ కరిగిపోయింది. రెండు వేర్వేరు లోహాలు కలిసే చోట వేడి తేడా ఉంటే పుట్టే వోల్టేజ్ ఇది. కాన్‌స్టాంటన్ (రాగి, నికెల్ మిశ్రమం), రాగి కలిస్తే డిగ్రీకి 40 మైక్రోవోల్టుల దాకా పుడుతుంది. మాంగనిన్, రాగి అయితే ఒకటి రెండుకి మించదు. షంట్లకు మాంగనిన్‌ని ఏరికోరి వాడేది ఇందుకు కూడా. 1 మిల్లీ ఓమ్ మీద 80 మైక్రోవోల్టులంటే లేని కరెంట్ 80 మిల్లీ ఆంపియర్లు ఉన్నట్టు చూపిస్తుంది. ఈ రెండు రోగాలూ ఒకేచోట కనిపించాయంటే, నికెల్ తక్కువ వేసిన చవక రాగి మిశ్రమం వాడి ఉంటారని నా అనుమానం.

ఫిర్యాదు పెడితే వచ్చిన జవాబు: "25 డిగ్రీల దగ్గర 1 శాతం లోపే ఉంది కదా సార్, రిటర్న్ కుదరదు." 30 ఆంపియర్లు పారితే ఆ షంట్‌లో 0.9 వాట్లు వేడిగా పోతాయి. 3 వాట్ల సరుకని అమ్మి, 25 డిగ్రీలు దాటనివ్వకుండా వాడుకోమంటే దాన్ని ఫ్రిజ్‌లో పెట్టి వాడాలా? డేటాషీట్ (సరుకు కొలతలు, గుణాలు రాసి ఉండే పత్రం) అడిగితే పంపారు, కానీ అందులోని బొమ్మకూ నా చేతిలోని ముక్కకూ పోలికే లేదు.

కాబట్టి కొనేముందే పట్టుకోగలిగిన గుర్తు ఒకటి చెప్తాను. షంట్‌లో రెండు చివర్లూ రాగివే. విలువ తగ్గేకొద్దీ మొత్తం రెసిస్టెన్స్‌లో ఆ రాగి వాటా పెరుగుతుంది, దాంతో పీపీఎం కూడా పెరుగుతుంది. నిజాయితీగా రాసిన డేటాషీట్‌లో ఒకే సిరీస్ తీసుకున్నా 10 మిల్లీ ఓమ్‌ల దానికి ఒక అంకె, 1 మిల్లీ ఓమ్ దానికి అంతకంటే పెద్ద అంకె ఉంటాయి. అర మిల్లీ ఓమ్ నుంచి 100 మిల్లీ ఓమ్‌ల దాకా అన్నింటికీ వరసగా 50 అని కొట్టేశారంటే అది లోపలి మిశ్రమం ఒక్కదాని అంకె, లేదా ఊరికే రాసేసిన అంకె. "చివర్లతో కలిపి ఎంత, ఏ ఉష్ణోగ్రత నుంచి ఏ ఉష్ణోగ్రత దాకా?" అని రాతపూర్వకంగా అడగండి. నీళ్లు నమిలితే వదిలేయండి.

సాఫ్ట్‌వేర్‌లో సరిచేసుకోవచ్చు కదా అంటారు కొందరు. స్థిరంగా ఉండే తప్పయితే సరిచేయొచ్చు. ఇది లోడుని బట్టి, ఎంతసేపటి నుంచి పారుతోందన్నదాన్ని బట్టి, గాలి తగులుతోందా లేదా అన్నదాన్ని బట్టి మారే తప్పు. షంట్‌కి ఆనుకుని ఒక టెంపరేచర్ సెన్సర్ పెట్టి దిద్దుకోవచ్చు, నిజమే. కానీ అంత పని మనమే చేసుకునేటప్పుడు ప్రెసిషన్ అన్న మాటకి డబ్బులెందుకు?

షంట్ మంచిదే అయినా బోర్డు ముంచుతుంది. రెడీమేడ్ మాడ్యూల్స్ ఫొటోలు పెద్దవి చేసి చూడండి. వోల్టేజ్ తీసే సన్న దారులు ప్యాడ్ల లోపలి వైపు నుంచి మొదలవ్వాలి. చాలా చవక బోర్డుల్లో వెడల్పాటి రాగి పరుపులో ఎక్కడో దూరం నుంచి లాగేస్తారు. మామూలు 1 ఔన్స్ రాగి పొర ఒక చదరం ముక్కకి దాదాపు అర మిల్లీ ఓమ్ ఉంటుంది. అలాంటి చదరం ఒక్కటి కొలతలో కలిసినా 1 మిల్లీ ఓమ్ షంట్ ఒకటిన్నర అయి కూర్చుంటుంది, పైగా రాగికుండే 3900 పీపీఎం ఉచితం.

షంట్ మీది చిన్న వోల్టేజ్‌ని పెద్దది చేసే ఆంప్లిఫయర్ ఏదో కూడా చూసుకోండి. ఎల్ఎం358 లాంటిది పెట్టి "ప్రెసిషన్ కరెంట్ సెన్సర్" అని అమ్ముతున్నారు. దాని ఆఫ్‌సెట్ (లోపలికి ఏమీ రాకపోయినా ఉన్నట్టు చూపే వోల్టేజ్) మామూలుగానే 2 మిల్లీవోల్టుల దాకా ఉంటుంది. 1 మిల్లీ ఓమ్ మీద అది 2 ఆంపియర్లు! ఐఎన్ఏ226 లాంటి చిప్పులో అదే ఆఫ్‌సెట్ 10 మైక్రోవోల్టులకు మించదు.

కరెంట్ చుట్టూ పుట్టే అయస్కాంత క్షేత్రాన్ని బట్టి కొలిచే హాల్ సెన్సర్ మాడ్యూల్స్‌కి ఈ షంట్ గొడవ లేదు కానీ వాటి గొడవ వాటికుంది. ఏసీఎస్712 30 ఆంపియర్ల రకం ఆంపియర్‌కి 66 మిల్లీవోల్టులిస్తుంది, సున్నా కరెంట్ దగ్గర సప్లైలో సగం చూపిస్తుంది. యూఎస్‌బీ నుంచి వచ్చే 5 వోల్టులు నిజానికి 4.8 ఉంటే సున్నా 2.5 నుంచి 2.4కి జారుతుంది. 5 వోల్టులనుకుని రాసిన ప్రోగ్రామ్‌కి అది ఒకటిన్నర ఆంపియర్. అమ్మకం పేజీల్లో ఈ ముక్క రాసినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

ఇప్పటికే కొనేసి ఉంటే, బోర్డులో బిగించాక పూర్తి లోడు ఇచ్చి రీడింగ్ నిలకడ పడేదాకా ఆగండి. మొదటి అంకె, చివరి అంకె రెండూ రాసుకోండి. ఆ తర్వాత కరెంట్ ఆపి సున్నా ఎంత త్వరగా వస్తుందో చూడండి. రిటర్న్ గడువు ముగియకముందే ఈ పని చేయండి, వీడియో తీసి పెట్టుకోండి. తేడా 1 శాతం దాటితే ఆ షంట్లను బ్యాటరీ లెక్కలకు వాడొద్దు, ఓవర్ కరెంట్ కట్ఆఫ్‌కి అసలే వాడొద్దు. నా దగ్గర మిగిలినవి ఎల్ఈడీ వెలిగిందా లేదా చూడ్డానికి తప్ప ఇంకెందుకూ పెట్టడం లేదు.