బ్యాడ్జీ, బియ్యం బస్తా, కాలవగట్టు: కాన్వెంటు పిల్లలకు ఏది మేలు?

కాన్వెంటులో పిల్లల్ని చేర్చేటప్పుడు తల్లిదండ్రులు ముందు చూసేది ఇంగ్లీషు, తర్వాత క్రమశిక్షణ. స్కూలు మాత్రం ఇంకో మాట కూడా ఇస్తుంది: సేవ చేసే నాయకుల్ని తయారుచేస్తామని. మన గోదావరి డెల్టాలో కతోలిక స్కూళ్ళు ఆ మాట నిలబెట్టుకోవడానికి ఎక్కువగా మూడు దారులు పడతాయి. లీడర్లను ఎన్నుకుని బ్యాడ్జీలు పెట్టడం ఒకటి. క్రిస్మస్‌కో, ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సుకాలంలోనో బియ్యం, బట్టలు పోగుచేసి పంచడం రెండోది. ఏదో ఒక పల్లెనో పేటనో పట్టుకుని ఏడాదంతా పనిచేయడం మూడోది, ఇది చాలా అరుదు. మూడూ చేస్తే పోలేదా అంటారు. వారానికి ఒక్క ఖాళీ పీరియడ్ దొరకడమే గగనమైన చోట అది కుదిరేది కాదు.

ఏది మేలో తేల్చడానికి కొలబద్ద ఒకటి ఉంది. అమెరికాలో టెలిఫోన్ కంపెనీలో చాలాకాలం పనిచేసిన రాబర్ట్ గ్రీన్‌లీఫ్ 1970లో రాసిన వ్యాసంతోనే సేవక నాయకత్వం అనే మాట ఈ కాలంలో ప్రచారంలోకి వచ్చింది. ఆయన పెట్టిన పరీక్ష ఇది: సేవ అందుకున్నవాళ్ళు మనుషులుగా ఎదిగారా? అందరికన్నా అడుగున ఉన్నవాడికి మేలు జరిగిందా, కనీసం ఉన్నదైనా పోకుండా ఉందా? సేవ చేసినవాడికి ఎంత తృప్తి కలిగిందన్నది ఆ పరీక్షలో లేనే లేదు.

ఈ లెక్కన బ్యాడ్జీ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. హెడ్ బాయ్, హెడ్ గర్ల్, హౌస్ కెప్టెన్లు, భుజం మీద పట్టీ, ప్రమాణ స్వీకారం, ముఖ్య అతిథి ప్రసంగం. పిల్లలకు స్టేజీ భయం పోతుంది, అది లాభమే. ఆ మర్నాటి నుంచి వాళ్ళు చేసే పనేమిటంటే, ప్రేయర్‌లో లైన్లు సరిచేయడం, టీచర్ లేనప్పుడు మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాయడం. ఇది పోలీసు ఉద్యోగానికి శిక్షణ. ఏసు శిష్యుల కాళ్ళు కడిగినదానికి గుర్తుగా, ఈస్టర్ ముందు పవిత్ర గురువారం నాడు గుడిలో గురువులు (ఫాదర్లు) వంగి పన్నెండుమంది కాళ్ళు కడుగుతారు. ఆ తంతు ఏటా చూసే స్కూల్లో లీడరుకు దొరికే మొదటి అధికారం పేర్లు రాసే సుద్దముక్క!

దీన్ని బాగుచేయడం కష్టం కాదు. పదవులు నెలకొకరికి మారాలి, లీడరైనవాడు ఆ నెల అన్నాల తర్వాత వరండా తుడవాలి. ఒక్క జాగ్రత్త. బోర్డింగు ఉన్న చోట చీపురు పని బోర్డింగు పిల్లల మీదే పడుతుంది, డే స్కాలర్లు బస్సు దిగి నేరుగా క్లాసులోకి పోతారు. చీపురు అందరి చేతికీ రాకపోతే ఆ పని నేర్పేది వేరే పాఠం.

బియ్యం బస్తాను నేను పూర్తిగా కొట్టిపారేయను. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది, 2022 జులైలో 25 లక్షలు దాటింది. లంకలు మునిగినప్పుడు ఎవరూ సిద్ధాంతాలు మాట్లాడరు. స్కూలు వ్యాను నిండా బియ్యం, కొవ్వొత్తులు, మంచినీళ్ళు పంపడమే సరైన పని. అప్పుడు కూడా ముందు ఫోన్ చేసి అడగాలి. వరద తీశాక లంకల్లో మనుషుల తిండితో పాటు పశువులకు ఎండుగడ్డి కూడా కావాలి, మనం పంపేది మాత్రం పాత బట్టల మూటలు.

ఇబ్బందంతా వరద లేని రోజుల్లో జరిగే పంపకంతోనే. పిల్లలు వరసగా నిలబడి ఇస్తారు, పెద్దవాళ్ళు వరసగా వచ్చి తీసుకుంటారు, ఫొటో పడుతుంది. అనాథాశ్రమమైతే మరీ ఘోరం, వచ్చినవాళ్ళ కోసం అక్కడి పిల్లలే పాట పాడాలి. మన వైపు దీనికి ఇంకో మెలిక ఉంది. డెల్టా పల్లెల్లో క్రైస్తవుల్లో ఎక్కువమంది దళితులు. కాన్వెంటులో ఫీజు కట్టి చదివే పిల్లల్లో ఎక్కువమంది క్రైస్తవులు కాదు, కాస్త ఉన్న ఇళ్ళవాళ్ళు. పేద పిల్లలకు సీట్లు కేటాయించే విద్యాహక్కు చట్టం మైనారిటీ స్కూళ్ళకు వర్తించదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా. దాంతో ఏ పేట మనుషుల కోసం మిషన్ స్కూళ్ళు మన ఊళ్ళకు వచ్చాయో, ఆ పేటకే ఇప్పుడు స్కూలు బస్సు ఏడాదికోసారి దానం చేయడానికి వెళ్తుంది. ఇచ్చే చెయ్యి ఎవరిదో, పట్టే చెయ్యి ఎవరిదో పన్నెండేళ్ళ పిల్లాడికి ఎవరూ చెప్పకుండానే అర్థమైపోతుంది. మా క్లాసులో ఒకడి సర్టిఫికెట్‌లో బీసీ-సీ (క్రైస్తవంలోకి మారిన దళితులకు ప్రభుత్వం పెట్టిన కేటగిరీ) అని ఎందుకుందని ఆ పిల్లాడు అడిగితే జవాబు చెప్పే టీచర్ ఒక్కరున్నా, నాలుగు బస్తాల బియ్యం కన్నా అదే ఎక్కువ.

స్కూళ్ళు నడిపే కతోలిక గురువుల సంఘం జెస్విట్ సభకు అప్పటి పెద్ద పేద్రో అర్రూపే 1973లో స్పెయిన్‌లోని వలెన్సియాలో తమ స్కూళ్ళలో చదివి వెళ్ళినవాళ్ళతో మాట్లాడుతూ, మీకు న్యాయం కోసం నిలబడే చదువు చెప్పామా అని తనే ప్రశ్న వేసుకుని, లేదు అని తనే ఒప్పుకున్నారు. మన దగ్గర ఆ ప్రశ్న వేసుకునేవాళ్ళు తక్కువ.

మూడో దారికి వస్తే, ఏడాది పనికి కాలవను మించిన చోటు మన డెల్టాలో నాకు కనబడదు. కాటన్ దొర ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది. ఆయన విగ్రహానికి దండ వేయడం ప్రతి పిల్లాడికీ తెలుసు, తన ఊరి కాలవలో గుర్రపుడెక్క ఎవరు తీయాలో తెలియదు. జూన్‌లో నీళ్ళు వదిలినప్పుడు ఎనిమిదో తరగతి పిల్లల్ని లాకుల దగ్గరికి తీసుకెళ్ళి, కాలవ నీళ్ళు చూసుకునే లస్కర్‌తో మాట్లాడించండి. శివారు పొలాలకు నీళ్ళు ఆఖరున ఎందుకు చేరతాయో, సార్వా (వానాకాలం వరి) పోయినా కౌలు రైతు మక్తా (కౌలు) ఎలా కడతాడో, రొయ్యల చెరువుల నీళ్ళు ఏ డ్రెయిన్‌లోకి పోతాయో వాళ్ళే అడుగుతారు. 2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే (పంట వేయకుండా మానేయడం) ఎందుకు ప్రకటించారన్నది అప్పుడు పుస్తకంలో ప్రశ్నగా మిగలదు. ఎండాకాలం కాలవలు కట్టేసే ముందు ఊరి మంచినీళ్ళ చెరువు నిండిందో లేదో చూసి, నిండకపోతే పంచాయతీకి అర్జీ రాయడం దాకా వెళ్తే అది నాయకత్వం. బెల్జియం ఫాదర్ జోసెఫ్ కార్డైన్ పనిచేసే కుర్రాళ్ళకు నేర్పిన చూడు, తర్కించు, చెయ్యి అన్న పద్ధతి ఇదే. 1961లో పోప్ 23వ యోహాను తన లేఖలో దాన్ని మెచ్చుకున్నారు.

దీని ఖర్చు తక్కువేమీ కాదు. కాలవగట్టున పిల్లల భద్రత పెద్ద టెన్షన్, టీచర్లు తోడు లేకుండా ఒక్క అడుగు వేయకూడదు. పిల్లాణ్ణి ఫౌండేషన్ కోర్సుకి పంపుతుంటే మీరు గుర్రపుడెక్క చూపిస్తారా అని తండ్రులు కోప్పడతారు. అన్నిటికన్నా పెద్ద చిక్కు, మొదలుపెట్టిన హెచ్చెమ్ సిస్టర్‌కి బదిలీ వస్తుంది, పని అక్కడితో ఆగిపోతుంది. అందుకే దీన్ని ఒక సిస్టర్ ఉత్సాహానికి వదలకుండా, ఊళ్ళోనే ఉండే ఇద్దరు టీచర్లకు పనిభారం తగ్గించి అప్పగించాలి.

ఒక్కటే ఎంచుకోమంటే నా ఓటు కాలవగట్టుకే, ఎనిమిది తొమ్మిది తరగతులకు, నెలకు ఒక్క మధ్యాహ్నమైనా సరే. పదో తరగతిని వదిలేయండి, వాళ్ళ బాధలు వాళ్ళకున్నాయి. చిన్న క్లాసులకు వంతులవారీ చీపురు చాలు. పంపకాలు వరదకో తుఫానుకో అట్టేపెట్టండి. కాలవ దగ్గరికి వెళ్ళిన మొదటి నెల మాత్రం పిల్లలు అక్కడివాళ్ళు చెప్పింది రాసుకోవాలి, బ్యానర్ కట్టకూడదు, ఫొటో తీయకూడదు.